జారిందని చెప్పాను

ఒక బంతిని నేను ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను. తూకం వేస్తే అరకిలోకు మించదు. మా నాయన మద్రాసు కొత్వాల్ చావడిలో పప్పుల హోల్‌సేల్ అంగట్లో లెక్కలు రాసేవాడు కాబట్టి తూకాల సంగతి మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఈ బరువు ఏ తక్కెడలో వెయ్యాలో నాకు తెలియలేదు. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇద్దరికీ అదే క్షేమం.

ముందే ఒక మాట. నేను క్షమించమని అడగడానికి కూర్చోలేదు. అయ్యో పాపం అనిపించుకోవడానికి అసలే కాదు. చేసిన పని చెబుతాను. అందులో కొంత భాగానికి సిగ్గుపడుతున్నాను. కొంత భాగానికి సిగ్గుపడను, ఎవరొచ్చి చెప్పినా పడను. ఏది ఏ భాగమో తేల్చుకోవడానికే ఇన్నాళ్ళు పట్టింది. తేలిందా? రాస్తే తెలుస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. గోల్‌కీపర్ని. మాది వాషర్‌మన్‌పేటలో ఒక సందు. మా ముత్తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తక్కెడ పట్టాల్సిన చేతులురా అవి, అని మా నాయన రోజూ తిట్టేవాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక, మావాడు అందరిలా కాళ్ళతో తన్నడు, చేతులతో ఆడతాడు, అని అంగట్లో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆయన ఊరట ఆయనది.

మా సందు చివర ఒక కట్టెల డిపో ఉండేది. దాని వెనక రేకుల షెడ్డు. అదే మా క్లబ్బు. అందులోనే మాకు ఆట నేర్పే మునస్వామి మాస్టరు కాపురం. కాపురమంటే ఆయనొక్కడే. ఒక ట్రంకు పెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు, గోడ నిండా మేకులకు వేలాడే పాత బూట్లు. మాస్టరు తెల్లవాళ్ళ కాలంలో వట్టి కాళ్ళతో ఆడినవాడు. బూట్లేసుకున్న సోల్జర్ల జట్ల మీద ఆడి కుడికాలి బొటనవేలు వంకరపోయింది. ఆ వేలే తన మెడల్ అనేవాడు. వేరే మెడల్ ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

గోడకున్న బూట్ల కథ మీకు చెప్పాలి. మా సందులో ఆట పుణ్యాన ఎవడికి ఉద్యోగం దొరికినా, కంపెనీ ఇచ్చే కొత్త బూట్లు తొడుక్కునే ముందు పాత జోడు తెచ్చి మాస్టరు చేతికివ్వాలి. ఆయన దాన్ని గోడకు తగిలిస్తాడు. ఎవడి కాలికి పడితే వాడు దించుకుని ఆడతాడు. ఎవరికీ పట్టనివి అలాగే ఉండిపోతాయి. నావి అలా ఉండిపోయిన రకం. నా పాదాలు పడవలు. నా బూట్లు ఆ గోడ మీద ఉన్నాయన్న గర్వం నాకుండేది, కాదనను. నాయన కట్టించిన ఇంట్లో కంటే ఆ మేకు మీద నాకు ఎక్కువ చోటు ఉన్నట్టనిపించేది.

మాస్టరు నాకు నేర్పింది ఒక్కటే విద్య. బంతి పక్కనుంచి వస్తున్నప్పుడు కొట్టేవాడికి దగ్గరగా ఉండే గోల్‌పోస్టు ఒకటుంటుంది, దూరంగా ఉండేది ఇంకొకటి. దూరపు పోస్టు వైపు గోలు పోతే అది కొట్టినవాడి గొప్ప. దగ్గరి పోస్టు వైపు పోతే అది కీపర్ తప్పు. దగ్గరి పోస్టు నీ ఇంటి గడప, అక్కడ దొంగ దూరితే నువ్వు నిద్రపోతున్నట్టే లెక్క, అనేవాడు. నా నడుముకు కొబ్బరి తాడు కట్టి రెండో కొసను పోస్టుకు కట్టేవాడు. తాడు బిగిసిందంటే గడప వదిలి ఎక్కువ దూరం పోయానని. నడుమంతా ఒరుసుకుపోయేది. నెలల తరబడి అలా ఆడించి, తాడు విప్పి, దాని బదులు ఒక అలవాటు ఇచ్చాడు. బంతి కొట్టబోతున్నారనగా చెయ్యి వెనక్కి చాపి పోస్టును ఒక్కసారి తాకాలి. తిరిగి చూడకూడదు, తాకాలి. తగిలితే గడపలో ఉన్నట్టు. ఆ తర్వాత నిద్రలో కూడా నా ఎడమ చెయ్యి వెనక్కి పోయి గోడ తడిమేదని మా అమ్మ నవ్వేది.

ఆ చెయ్యే నాకు అంబత్తూరులో ఉద్యోగం తెచ్చింది. అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీ, పేరెందుకు, నన్ను తమ జట్టుకు తీసుకుంది. పొద్దున మిషన్ దగ్గర, మధ్యాహ్నం మైదానంలో. ఆ రోజుల్లో మద్రాసులో ఫుట్‌బాల్ బతికిందంటే ఇలాంటి కంపెనీ జట్ల వల్లే. ఆడేవాడికి నౌకరీ, కంపెనీకి పేరు. మా సందు క్లబ్బు లాంటివి మాత్రం ఎవరి నౌకరీ లేకుండా, మాస్టరు లాంటి మొండివాళ్ళ వల్ల నడిచేవి.

ఇక ఏకాంబరం. వాడి పేరు రాయడానికి నాకు ఇంతసేపు పట్టింది, గమనించారా?

ఏకాంబరం ఒక మిల్లు జట్టుకు గోల్‌కీపర్. మా పక్క వీధివాడే, మాలాగే ఇంట్లో తెలుగు, బయట అరవం. కీపర్లకు కీపర్లే స్నేహితులు. మిగతా పదిమందికి మా బాధ తెలియదు. వాడు మిల్లులో టెంపరవరీ. ఆ ఏడాది జట్టు మొదటి డివిజన్‌లో నిలిస్తే ఆటగాళ్ళను పర్మనెంట్ చేస్తామని మిల్లువాళ్ళు చెప్పారు. పర్మనెంట్ అయితే క్వార్టర్స్ ఇస్తారు. క్వార్టర్స్‌లో కొళాయి ఉంటుంది. తొంభైల మొదట్లో మా వైపు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. లారీ వచ్చిందంటే చాలు, ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో పరుగు. ఏకాంబరం వాళ్ళమ్మ అప్పటికే నడుం వంగిన మనిషి. అమ్మ చేత బిందె దించేస్తా మచ్చా, అని, అరవంలో స్నేహితుణ్ణి పిలిచినట్టు పిలుస్తూ, వాడు నాతో ఆ సీజనంతా చెబుతూనే ఉన్నాడు. నాతోనే చెప్పాడు. నాకు తెలియదు అనడానికి వీల్లేకుండా చెప్పాడు.

ఆ ఏడాది లీగ్ చివరికి వచ్చేసరికి సంగతి ఇలా కుదిరింది. మొదటి డివిజన్ నుంచి ఒక జట్టు కిందికి పోవాలి. అది మా సందు క్లబ్బయినా కావాలి, ఏకాంబరం మిల్లయినా కావాలి. మిల్లు ఆటలన్నీ అయిపోయాయి. క్లబ్బుకు ఒక్క ఆట మిగిలింది. అది మా ఫ్యాక్టరీ మీద. క్లబ్బు గెలిస్తే మిల్లు పోతుంది. క్లబ్బు ఓడినా, ఆట సమం అయినా క్లబ్బే పోతుంది. మా ఫ్యాక్టరీకి ఆ ఆటతో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. మేం నడిమిట్లో హాయిగా ఉన్నాం.

క్లబ్బు పోతే ఏం పోతుంది? మొదటి డివిజన్ క్లబ్బు నాదని చెప్పుకోవడానికే షెడ్డు ఇచ్చానని డిపో యజమాని అందరి ముందూ అనేవాడు. రెండో డివిజన్‌కు పడిపోతే షెడ్డు గొడౌను చేసుకుంటానన్నాడు. అంటే మాస్టరు ట్రంకు పెట్టె వీధిలో ఉంటుంది. గోడ మీది బూట్లు పాత సామాన్లవాడి తోపుడుబండిలో ఉంటాయి. రెండో డివిజన్ ఆటలు చూడ్డానికి ఏ కంపెనీవాడూ రాడు కాబట్టి, మా సందు కుర్రాళ్ళు నాయనల వెంట మూటలు మోయాల్సిందే.

ఇటు చూస్తే ఒక ముసలాయన, ఒక సందు. అటు చూస్తే ఒక స్నేహితుడు, వాళ్ళమ్మ, ఒక కొళాయి. మధ్యలో నేను, నా చేతులు. మీరైతే ఏం చేసేవాళ్ళు? నిజాయితీగా ఆడేవాణ్ణి, ఏదైతే అదయ్యేది, అంటారు. మంచిది. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. అన్నవాళ్ళలో ఒక్కరి చేతిలోనూ ఆ రోజు బంతి లేదు.

నన్ను ఎవరూ అడగలేదు. ఇది గట్టిగా చెప్పాలి. మాస్టరు అడగలేదు, అడిగే మనిషి కాదు. క్లబ్బు కుర్రాళ్ళకు ఆ ఆలోచనే రాదు. నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, ఒక టీ కూడా తాగలేదు. అంతా నాదే. పాపమన్నా, పుణ్యమన్నా వాటాదారులు లేరు.

ఆట చాలాసేపు గోలు లేకుండానే సాగింది. ఎండ. మైదానంలో గడ్డి తక్కువ, దుమ్ము ఎక్కువ. నేను మూడు నాలుగు మంచి బంతులు ఆపాను కూడా. ఎందుకు ఆపాను? అవి వదిలేస్తే దొరికిపోతాననా? లేక అప్పటికింకా నిశ్చయించుకోలేదా? ఈ ప్రశ్నను నేను చాలాసార్లు వేసుకున్నాను. ఆ క్షణంలో ఏదో అయిపోయింది అని చెప్పుకోవడం సుఖంగా ఉంటుంది. కొన్నేళ్ళు అలాగే చెప్పుకున్నాను. కానీ అబద్ధం. ఆ రోజు పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, ఇవాళ ఎడమ చెయ్యి వెనక్కి పోకూడదు, అనుకున్నాను. అంత స్పష్టంగా అనుకున్నాను. చెయ్యడానికి మాత్రం ఆట చివరిదాకా ధైర్యం చాలలేదు.

చివర్లో మా సందు కుర్రాడొకడు నా ఎడమ పక్కనుంచి బంతి తీసుకుని వచ్చాడు. అలసిపోయి ఉన్నాడు. కొట్టాడు. గట్టి దెబ్బ కూడా కాదు, నేల మీద దొర్లుతూ వచ్చింది. చెయ్యి వెనక్కి పోబోయింది. ఆపాను. ఒక అడుగు కుడివైపు వేశాను. అప్పుడు ఎడమకు దూకాను. బంతి నా గ్లవ్స్ కొసలకు తగిలి, నాకూ పోస్టుకూ మధ్య లోపలికి పోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. చూసినవాళ్ళందరికీ జారినట్టే కనిపించింది.

మా కెప్టెన్ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టాల్సిందే, నేను తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాణ్ణి. అవతల మా సందు జనం ఎగిరి గంతులేస్తున్నారు. ఆ గుంపులో ఒక్క మనిషి మాత్రం కదలకుండా నిలబడి ఉన్నాడు. మునస్వామి మాస్టరు. ఆయన బంతిని చూడటం లేదు. నా ఎడమ చేతిని చూస్తున్నాడు.

ఆట అయ్యాక నేను గోల్‌పోస్టు దగ్గరే కూలబడ్డాను. తల వంచుకుని ఉంటే ఎవరో వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు. ఏకాంబరం. తన బతుకు తేలేది ఆ ఆటలోనే కాబట్టి చూడ్డానికి వచ్చాడు. కంచె దూకి నా దగ్గరికే వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"జారిందా?" అన్నాడు.

"జారింది," అన్నాను.

"సరి విడు మచ్చా. మన పొళప్పే అంత గదా, కీపర్ బతుకు. ముందర పదిమంది తప్పు జేసినా ఎవుడికీ కానరాదు. మనం ఒక్కతూరి జేస్తే బోర్డు మీద పడతాది. పోయిన నెల నాకు ఈడనే జారలా?"

"మీ మిల్లు..." అన్నాను.

"అది నా తలరాత దా. నీ చెయ్యి ఏం జేస్తాది? నువ్వు మనసులో ఏం బెట్టుకోబాక. ఇంటికి బోయి అన్నం తిను."

వాడి చేతిలో నీళ్ళ సీసా ఉంది. మూత తీసి, దుమ్ము కొట్టుకున్న నా చేతుల మీద నీళ్ళు పోశాడు. వాళ్ళమ్మ మోసుకొచ్చిన నీళ్ళు. నేను చేతులు కడుక్కున్నాను. అవును, కడుక్కున్నాను. వద్దనలేదు.

ఆ వారంలోనే మిల్లువాళ్ళు జట్టు ఎత్తేశారు. టెంపరవరీలను పంపించేశారు. మా సందులో మాత్రం పండగ. పెద్ద డేగిసాలో బిర్యానీ వండి వీధంతా పెట్టారు. నన్ను కూడా పిలిచారు. నీ పుణ్యమేరా అని ఎగతాళి చేస్తూ పిలిచారు. మాస్టరు ఆ బిర్యానీకి రాలేదు. రెండు రోజుల తర్వాత పాత పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి మా ఇంటికి వచ్చింది. విప్పితే నా బూట్లు. గోడ మీదివి. మడమల దగ్గర మేకు గుర్తు ఇంకా ఉంది. ఒక్క మాట లేదు. ఏందిరా ఇది, అని నాయన అడిగితే, వేరేవాళ్ళకు చోటు కావాలంట, అన్నాను.

అంతటితో ఆగలేదు. వానాకాలం మొదలయ్యే లోపు మాస్టరు తన ట్రంకు పెట్టె తీసుకుని షెడ్డు ఖాళీ చేసి మైలాపూరులో ఉన్న తోడబుట్టిన ఆవిడ ఇంటికి వెళ్ళిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. వయసైపోయింది అన్నాడట. షెడ్డు నిలిచింది, క్లబ్బు నిలిచింది, ఎవరి కోసం నిలబెట్టానో ఆ మనిషి అందులో నిలవలేదు.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఇప్పటికీ వస్తుంది. దాచుకోను. ఆయనకు తెలుసు. తెలిసినప్పుడు పిలిచి చెంప మీద కొట్టవచ్చు. లీగ్‌వాళ్ళకు చెప్పవచ్చు. చెప్పలేదు. తను నీతిగా పోయాడు, నా తప్పు మీద నిలిచిన క్లబ్బును కుర్రాళ్ళకు వదిలేసి పోయాడు. ఆ తర్వాతి సంవత్సరాల్లో మా సందు కుర్రాళ్ళకు ఆ క్లబ్బు వల్లే ఉద్యోగాలొచ్చాయి. ఒకడు రైల్వేలో, ఒకడు హార్బర్‌లో, ఇంకొకడు బ్యాంకులో. ఆ రోజు గోలు కొట్టిన కుర్రాడు కూడా వాళ్ళలో ఉన్నాడు. తన జన్మలో అంత గొప్ప గోలు ఇంకొకటి లేదని పెళ్ళాం పిల్లలకు చెప్పుకుంటాడు. వాళ్ళ కంచాల్లో అన్నం నేను పెట్టాననను. కానీ ఆ అన్నం దొంగ అన్నం అని ఎవరైనా అంటే ఊరుకోను. మాస్టరుకు నేను బాకీ లేను. ఆయన చనిపోయినప్పుడు మైలాపూరు వెళ్ళాను, దూరంగా నిలబడ్డాను, దండం పెట్టాను. క్షమించమని మాత్రం అనలేదు. ఆ భాగానికి నేను సిగ్గుపడనన్నానే, అది ఇదే.

సిగ్గుపడే భాగం వేరే ఉంది.

తొంభైల చివర్లో, మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కు పట్టుబట్టలు కొందామని మా ఆవిడతో టి. నగర్ వెళ్ళాను. పెద్ద చీరల షాపు. పైన అరల దగ్గర నిచ్చెన మీద ఒకడుంటాడు. కింద కౌంటర్ దగ్గర ఇంకొకడు. పైవాడు చీరల కట్టలు విసురుతుంటే కిందివాడు పట్టి, పరిచి చూపించాలి. కిందివాడు చూడకుండానే పడుతున్నాడు. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, ఒక్కటీ నేల మీద పడటం లేదు. ఆ పట్టే తీరు నాకు తెలుసు. వాడి మొహం చూసేలోపే నాకు తెలుసు.

"రా మచ్చా. సూడు, ఈడ ఒక్కటి గూడా జారనీను," అన్నాడు ఏకాంబరం, నవ్వుతూ.

మా ఆవిడ కూడా నవ్వింది. నేను ఆ రోజు ఏం చీర కొన్నామో కూడా చూడలేదు. అమ్మ ఎలా ఉందని అడిగాను. పోయిన ఏడాది పోయింది అన్నాడు. చివరిదాకా బిందె మోసింది, చెబితే వినదు, అన్నాడు. మామూలుగా అన్నాడు. వాడికి నా మీద అనుమానం లేదు. ఉండి ఉంటే ఎంత తేలిగ్గా ఉండేది.

అప్పటికి నాకు మోకాలు పట్టేసి ఆట ఆపేశాను. ఫ్యాక్టరీ నన్నే కోచ్‌ను చేసింది. ఏకాంబరాన్ని ఫ్యాక్టరీలో పెట్టించాలని ఆఫీసర్ల చుట్టూ తిరిగాను. వయసు దాటిందన్నారు. సరే, కీపర్లకు నేర్పడానికైనా రా అన్నాను. వాడికి షాపు సెలవు మంగళవారం. అందుకని కీపర్ల ప్రాక్టీసు మంగళవారానికి మార్చాను. వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. రైల్లో అంబత్తూరు దాకా పాత గ్లవ్స్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. నువ్వు నన్ను మర్చిపోలా మచ్చా, అన్నాడు. ఎలా మర్చిపోతాను?

నేను పిల్లలకు మాస్టరు విద్యే నేర్పాను. అదే కొబ్బరి తాడు, అదే పోస్టు. నా దగ్గర నేర్చుకున్న కీపర్లకు ఈ నగరంలో ఒక పేరుంది. దగ్గరి పోస్టు వైపు గోలు ఇవ్వరు. ఆ పేరు చూసి నన్ను మెచ్చుకున్నవాళ్ళున్నారు, శాలువా కప్పినవాళ్ళున్నారు. ఎందుకంత కచ్చితంగా నేర్పుతున్నారు సార్, అని ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. జవాబు ఏకాంబరమే అందుకున్నాడు.

అప్పుడు మొదలైంది. వాడికి ఒక కథ దొరికింది. ఏ కీపరైనా తేలిక బంతి వదిలేసి ఏడుస్తుంటే ఏకాంబరం వాడి పక్కన గొంతుక్కూర్చుని, నా దగ్గర కూర్చున్నట్టే కూర్చుని, ఆ కథ చెబుతాడు. మన సార్‌కు గూడా జారింది తెల్సా. అదీ దగ్గిరి పోస్టు కాడ. నా కండ్లారా సూసినా. దాంతో మా మిల్లే పాయె, నా పనే పాయె. అయినా సార్ ఆట ఇడ్సిపెట్టినాడా? తలకాయి దించినాడా? ఇప్పుడు సూడు, ఆయన ఏడున్నాడో. పిల్లవాడు కళ్ళు తుడుచుకుని నా వైపు చూస్తాడు. నేను తల ఊపుతాను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి తల ఊపుతాను.

ఎన్ని మంగళవారాలు? నేను రిటైరయ్యాను, వాడు షాపు మానేశాడు, ఇద్దరికీ జుట్టు నెరిసింది, మంగళవారం మాత్రం మానలేదు. వాడు కథ చెబుతూనే ఉన్నాడు. చెప్పినప్పుడల్లా నన్ను ఇంకొంచెం మంచివాణ్ణి చేస్తున్నాడు. ఈ మధ్య ఆ కథలో నేను ఆ రోజు రాత్రి అన్నం తినలేదని కూడా కలిపాడు. తిన్నాను. బాగానే తిన్నాను. వాడే కదా తినమన్నది.

ఒకటి అడుగుతాను, మీరు జవాబు చెప్పక్కర్లేదు. అటు ఇటు రెండు ఇళ్ళుండి ఒకదాన్నే నిలబెట్టగలిగితే, మన సందు ఇంటిని నిలబెట్టుకోవడం తప్పా? తప్పేనేమో. అయినా మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అదే చేస్తానేమో. ఆ మాట నాలుక కొస మీద పెట్టుకునే ఇన్నాళ్ళు బతికాను. నా తప్పు బంతి వదిలేయడం కాదు. వదిలేశాక, నా పక్కన కూర్చున్నవాడికి జారిందని చెప్పడం. నిజం చెబితే వాడు నన్ను తిట్టుకునేవాడు, కొట్టేవాడు, వాడి కోపం వాడికి మిగిలేది. దాన్ని కూడా నేనే లాక్కున్నాను. కోపం రావలసిన చోట వాడు జాలి పడేలా చేశాను. ముప్పై ఏళ్ళు ఆ జాలి తిన్నాను. వాడి ఉద్యోగం పోగొట్టినదానికి కారణం ఉంది. దీనికి లేదు.

మొన్న మంగళవారం కొత్త కుర్రాడొకడు తేలిక బంతి వదిలేశాడు. ఏడవలేదు కానీ తల వాల్చేశాడు. ఏకాంబరం మోకాళ్ళు పట్టుకుని కష్టంగా కూర్చున్నాడు. కథ మొదలుపెట్టాడు. నేను ఆపబోయాను. ఏకా, అన్నాను. ఏంది మచ్చా, అని వెనక్కి తిరిగి చూశాడు. ఎండ కళ్ళల్లో పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏం లేదు, చెప్పు చెప్పు, అన్నాను. వాడు చెప్పాడు.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. సగం రాశాక ఒక సంగతి తట్టింది, తట్టగానే కలం కింద పెట్టేశాను. నేను తెలుగులో రాస్తున్నాను. చిన్నప్పుడు జార్జిటౌనులో తెలుగు బళ్ళో చదివాను కాబట్టి నాకు రాయడం వచ్చు. ఏకాంబరానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాడు చదివిందంతా అరవంలోనే. అంటే లోకమంతా చదవవచ్చు, ఒక్క వాడు తప్ప. కావాలనే ఇలా చేశానా? మళ్ళీ ఒక అడుగు కుడివైపు వేశానా? అవుననే అనుకుంటున్నాను. చించేద్దామనుకున్నాను. చించలేదు. దొంగతనంగా రాసినా రాసింది నిజమే. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ బంతి నా కడుపులోంచి బయటికి వచ్చి కాగితం మీద పడింది. దాని బరువు తగ్గిందో లేదో తెలియదు, చేతులు మాత్రం తేలికగా ఉన్నాయి.

వాడు చదవలేడు. సరే. చదివి వినిపిస్తే వింటాడు, చెవులు బాగానే ఉన్నాయి. ఆ ధైర్యం వస్తుందో రాదో నేను మాట ఇవ్వను. నా మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అందుకని వాడితో అనాల్సిన ముక్కను, వాడికి అర్థమయ్యే మా ఇంటి భాషలో, ముందుగా ఇక్కడే అనేస్తున్నాను.

ఏకా, ఆ పొద్దు బంతి జారలా. నేనే ఇడ్సిపెట్టినా.